ఎంతమందిలో?

ఇంజినీరింగ్ సెకండియర్‌లో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఒక సీనియర్ దొరుకుతాడు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని మన సబ్జెక్టుల లిస్టు చూసి, "పీ అండ్ ఎస్సా? దానికేం లేదు తమ్ముడూ. పాత పేపర్లు ఐదు చెయ్యి, టేబుల్ చూడ్డం నేర్చుకో, పాసైపోతావ్" అని భరోసా ఇచ్చేస్తాడు.

ఆ అన్న చెప్పింది అబద్ధం కాదు. ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పాసవ్వడం మరీ కష్టం కాదు. పాత పేపర్లు ముందేసుకుంటే అవే లెక్కలు చుట్టపుచూపుగా మళ్లీ మళ్లీ వస్తుంటాయి. సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు. పేకముక్కల్లోంచి రెండు రాజులు. మూడు మెషీన్లు, పాడైపోయిన బోల్టులు. చివర్లో ఒక నల్ హైపోథిసిస్. వచ్చిన విలువ 1.96 కంటే ఎక్కువైతే రిజెక్ట్, తక్కువైతే యాక్సెప్ట్. కింద రెండు గీతలు కొట్టి బాక్స్ గీస్తే మార్కులు.

నేను కూడా అలాగే చదివి బయటపడేవాణ్నేమో. కానీ మాకు ఆ సబ్జెక్టు చెప్పిన మేడమ్‌కి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ అంకె చెప్పినా చాక్‌పీస్ ఆపి, వెనక్కి తిరిగి, ఒకటే మాట అడిగేవారు.

"ఎంతమందిలో?"

"ఈ మందు 80 శాతం పనిచేస్తుంది మేడమ్."

"ఎంతమందిలో?"

"రేపు బంద్ అంట మేడమ్, అందరూ మానేస్తున్నారు."

"ఎంతమందిలో ఎంతమంది?"

క్లాసంతా నవ్వేది. క్యాంటీన్‌లో సమోసాలు అయిపోయాయంటే కూడా "ఎంతమందిలో?" అని మేడమ్‌ని అనుకరించేవాళ్లం. సెమిస్టర్ అయిపోయింది, ఫార్ములాలు సగం గాల్లో కలిసిపోయాయి. ఆ ఒక్క ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. తర్వాత ఏడాదిన్నరలో అది మూడుసార్లు నాకు పనికొచ్చింది. మూడూ పరీక్ష హాలు బయటే.

బోల్టుల లెక్క, ఫార్ములా లేకుండా

ముందు ఆ బోల్టుల సంగతి చూద్దాం. ఇంజినీరింగ్ చదివిన వాళ్లలో ఈ లెక్క తగలనివాళ్లు అరుదు. ఒక ఫ్యాక్టరీలో ఏ, బీ, సీ అని మూడు మెషీన్లు. మొత్తం బోల్టుల్లో ఏ 25 శాతం, బీ 35 శాతం, సీ 40 శాతం తయారుచేస్తాయి. ఏ చేసినవాటిలో 5 శాతం, బీ చేసినవాటిలో 4 శాతం, సీ చేసినవాటిలో 2 శాతం పాడైనవి. ఒక బోల్టు తీస్తే అది పాడైనదని తేలింది. ఏ మెషీన్‌ది అయ్యుండొచ్చు?

గైడులో అయితే బేయస్ సిద్ధాంతం, పైన ఒక గుణకారం, కింద మూడు గుణకారాల కూడిక. మేడమ్ మాత్రం ఫార్ములా రాయకుండా, "10,000 బోల్టులు తెచ్చి కింద పొయ్యండి" అన్నారు.

పోశాం. ఏ చేసినవి 2,500. వాటిలో పాడైనవి 125. బీ చేసినవి 3,500. పాడైనవి 140. సీ చేసినవి 4,000. పాడైనవి 80. మొత్తం పాడైనవి 345. మన చేతిలో ఉన్న బోల్టు ఈ 345లో ఒకటి. అంటే అది ఏ నుంచి వచ్చే అవకాశం 345లో 125, బీ నుంచి 140, సీ నుంచి 80. అయిపోయింది.

పరమ చెత్త మెషీన్ ఏ. అందరికంటే ఎక్కువ బోల్టులు చేసేది సీ. కానీ పాడైన బోల్టు దొరికితే ముందు అనుమానించాల్సింది బీని. ఎందుకంటే మనం 10,000లోంచి 345లోకి వచ్చేశాం. లెక్కలో కింద ఉండే అంకె, చిన్నప్పుడు బడిలో "హారం" అని నేర్చుకున్నామే, అది మారిపోయింది. హారం మారితే కథే మారిపోతుంది.

థామస్ బేయస్ ఇంగ్లండులో ఒక మతబోధకుడు. 1761లో పోయారు. ఈ ఆలోచన ఉన్న ఆయన కాగితాల్ని రిచర్డ్ ప్రైస్ అనే స్నేహితుడు వెతికి తీసి 1763లో అచ్చు వేయించారు. ఇంకొకాయన కథ చెబితే మా బ్యాక్ బెంచ్ మొత్తం లేచి కూర్చుంది. "స్టూడెంట్స్ టీ టెస్ట్" పేరులో ఉన్న స్టూడెంట్ నిజానికి విద్యార్థి కాదు. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. పేరు విలియం గాసెట్. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు అచ్చు వేయించుకోవడానికి కంపెనీ ఒప్పుకోదు కాబట్టి 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో రాశారు. నాలుగైదు నమూనాలే చేతిలో ఉంటే వాటిని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఆయన సమస్య. బీరు తయారీలో పుట్టిన ఆ లెక్కకి మన పేపర్‌లో మార్కులు ఇస్తున్నారు.

అమ్మకి వచ్చిన కాగితం

మాది నూజివీడు. నేను చదివేది విజయవాడ దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో. థర్డ్ ఇయర్ మొదట్లో ఒకరోజు రాత్రి నాన్న ఫోన్ చేశాడు. నాన్న మామూలుగా రెండు నిమిషాల్లో పెట్టేస్తాడు. ఆరోజు పెట్టలేదు. అలా అని ఏమీ చెప్పనూ లేదు. "అమ్మ సరిగ్గా తినట్లేదురా" అన్నాడు.

విషయం ఏంటంటే ఊళ్లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ పరీక్ష అంటే పక్కింటి అత్తమ్మతో కలిసి అమ్మ కూడా వెళ్లింది. వారం తర్వాత కాగితం వచ్చింది. అనుమానం ఉంది, ఇంకా పరీక్షలు చేయించుకోవాలి అని. అంతే ఉంది దాంట్లో. మిగతాది చుట్టాలు నింపేశారు. మా మావయ్య ఎవరినో కనుక్కుని, "ఆ టెస్ట్ 90 శాతం కరెక్టేనంట" అన్నాడట. ఆ మాటతో ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. అమ్మ అప్పటికే చెల్లి పెళ్లికి దాచిన బంగారం ఎక్కడుందో నాన్నకి చూపించేసింది.

90 శాతం. ఎంతమందిలో?

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి బోల్టుల బదులు మనుషుల్ని పెట్టాను. నిజమైన అంకెలు వయసుని బట్టి, పరీక్షని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి. కాబట్టి ఇవి ఊహించుకున్న అంకెలే. అమ్మ లాంటి 1,000 మంది ఆడవాళ్లు ఆ శిబిరానికి వచ్చారనుకుందాం. వాళ్లలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 10 మంది అనుకుందాం. పరీక్ష 90 శాతం కరెక్ట్ అంటే ఆ 10 మందిలో 9 మందిని పట్టుకుంటుంది. బాగానే ఉంది. కానీ జబ్బు లేనివాళ్లు 990 మంది ఉన్నారు కదా. వాళ్లలో నూటికి 9 మందికి పొరపాటున అనుమానం అని చూపించినా 89 మంది అవుతారు. ఇప్పుడు "అనుమానం ఉంది" అనే కాగితం ఎంతమంది చేతిలో ఉంది? 9 కూడిక 89. మొత్తం 98 మంది. ఆ 98లో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 9 మందే.

మావయ్య చెప్పిన 90 తప్పు కాదు. అది జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందికి పాజిటివ్ వస్తుంది అన్న ప్రశ్నకి జవాబు. మాకు కావాల్సింది పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి జబ్బు ఉంటుంది అన్నది. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇలా చూడండి. ఎంసెట్ టాపర్లలో ఇంటర్ పాసైనవాళ్లు ఎంతమంది? అందరూ. ఇంటర్ పాసైనవాళ్లలో ఎంసెట్ టాపర్లు ఎంతమంది? ఆ రెండు ప్రశ్నలకీ మధ్య ఎంత దూరం ఉందో అంత దూరం ఇక్కడా ఉంది.

పొద్దున్నే ఫోన్ చేశాను. అమ్మకి బేయస్ గురించి చెప్పలేదు. "అమ్మా, ఇలాంటి కాగితం వందమందికి వచ్చిందనుకో. అందులో తొంభై మందికి పైగా ఏమీ ఉండదు. మిగతావాళ్లలో మనం ఉన్నామో లేదో తెలుసుకోవాలిగా, దానికే విజయవాడ రావాలి. వచ్చే సోమవారం రండి" అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మరి ఆ ముక్క ఆ కాగితం మీదే రాయొచ్చుగా?"

నా దగ్గర దానికి సమాధానం లేదు. మీ దగ్గర ఉందా?

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. 98లో 9 అంటే "ఏం కాదులే, వదిలేయ్" అని కాదు. శిబిరానికి వెళ్లకముందు 1,000లో 10. కాగితం వచ్చాక దాదాపు 100లో 9. అంటే అనుమానం తొమ్మిది రెట్లు పెరిగినట్టు. అందుకే రెండో పరీక్షకి తప్పకుండా వెళ్లాలి. భయపడి ఇంట్లో కూర్చోకుండా వెళ్లాలి. మొదటి పరీక్ష పని జబ్బు ఉందని తీర్పు చెప్పడం కాదు. ఇంకో పరీక్ష ఎవరికి చెయ్యాలో వడగట్టడం. విజయవాడలో డాక్టరమ్మ కూడా ఇదే మాట చెప్పారు.

స్కానింగ్ అయింది. సూదితో కొంచెం ముక్క తీసి పరీక్షకి పంపారు. ఐదు రోజుల తర్వాత రిపోర్ట్ వచ్చింది. ప్రమాదం లేని గడ్డ. అమ్మ ఆరోజు బెసెంట్ రోడ్డులో చీర కొనుక్కుంది.

రిపోర్ట్ వేరేలా వచ్చి ఉండొచ్చు. అలా వచ్చినా ఆ లెక్క తప్పయ్యేది కాదు. ఏం జరుగుతుందో చెప్పడం ఈ సబ్జెక్ట్ పని కాదు. తెలిసినదాన్ని బట్టి ఇప్పుడు ఏం చెయ్యాలో తేల్చుకోవడమే దాని పని. అమ్మ మళ్లీ అన్నం తిని, బస్సెక్కి, విజయవాడ రావడం. ఆ రోజుకి మా ఇంట్లో కావాల్సింది అదే.

మా ఊరి బడిలో చదివినాయన

నూజివీడు అంటే అందరికీ చిన్నరసాలే గుర్తొస్తాయి. స్టాటిస్టిక్స్ పుస్తకం తిరగేస్తుంటే నాకు మా ఊరికి ఇంకో చుట్టరికం ఉందని తెలిసింది. ఎస్టిమేషన్ యూనిట్ లోతుగా చదివితే "క్రామర్-రావ్" అని ఒక పేరు తగులుతుంది. ఆ రావ్ మన సీఆర్ రావు గారు, కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్ల నాన్నగారికి బదిలీలు. అందుకని గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదువుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది రాలేదు. అక్కడే మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు.

నాకు బాగా నచ్చింది తర్వాతి ముక్క. 1944లో ఆయన కలకత్తా యూనివర్సిటీలో ఎంఏ విద్యార్థులకి పాఠం చెబుతున్నారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ల లోపే. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు మన అంచనా ఇంతకంటే కచ్చితంగా ఉండదు అనే ఒక ఫలితాన్ని బోర్డు మీద నిరూపించారు. వెంటనే ఒక విద్యార్థి లేచి, "మరి శాంపిల్ చిన్నదైతే?" అని అడిగాడు. ఆయన ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని నిరూపించేశారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఇప్పుడు ప్రపంచమంతా ఆయన పేరుతో చదువుతున్నది. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆ విద్యార్థి అడిగిన ప్రశ్న చూడండి. ఒకరకంగా అది కూడా "ఎంతమందిలో?" అనేదే. లక్ష మందిలో అయితే సరే, పదిమందిలో అయితే? మన క్లాసుల్లో ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే వెనక నుంచి "సిలబస్‌లో లేదురా, కూర్చో" అని వినిపిస్తుంది.

వరసగా ఐదు కరెక్ట్, మామా

రెండోసారి ఆ ప్రశ్న హాస్టల్లో పనికొచ్చింది. ఐపీఎల్ రోజులు. ఆన్‌లైన్ బెట్టింగ్ మీద తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం ఉంది. ఉన్నా టెలిగ్రామ్‌లో లింకులు ఆగవు కదా. మా రూమ్మేట్‌కి ఎవరో మెసేజ్ పెట్టడం మొదలుపెట్టారు. ఈరోజు ఫలానా టీమ్ గెలుస్తుంది అని. డబ్బులేం అడగలేదు. గెలిచింది. రెండోరోజు ఇంకో మ్యాచ్, అదీ కరెక్టే. అలా ఐదు మ్యాచ్‌లు. ఐదూ కరెక్టే. ఆరోరోజు మెసేజ్ వేరేగా వచ్చింది. రేపటి మ్యాచ్ ష్యూర్ షాట్, చెప్పాలంటే 10,000 కట్టాలి.

మావాడి దగ్గర 38,000 ఉన్నాయి. వాళ్ల నాన్న మొక్కజొన్న అమ్మి పంపిన కాలేజీ ఫీజు. అంతకుముందు బెట్టింగ్‌లో 7,000 పోగొట్టుకున్నాడు, ఇంట్లో తెలీదు. ఇప్పుడు 10,000 వాళ్లకి కట్టి, మిగతా 28,000 మ్యాచ్ మీద పెడితే అన్నీ ఒకేసారి తీరిపోతాయని వాడి ప్లాన్.

"రేయ్, పిచ్చా?" అంటే వాడు తిట్లు తిట్టలేదు. పెన్ను తీశాడు.

"మామా, నువ్వే చెప్పు. ఆడికి ఏమీ తెలీదు, ఊరికే నోటికొచ్చింది చెప్తున్నాడు అనుకుందాం. అది నల్ హైపోథిసిస్. ఒక మ్యాచ్ కరెక్ట్ అయ్యే ఛాన్స్ సగం. ఐదూ కరెక్ట్ అయ్యే ఛాన్స్? సగం ఇంటూ సగం ఐదుసార్లు. 32లో 1. అంటే 3 శాతం చిల్లర. 5 శాతం కంటే తక్కువ వస్తే ఏం చెయ్యాలి? రిజెక్ట్ చెయ్యాలి. అంటే ఆడికి విషయం తెలుసనేగా?"

నిజం చెప్తున్నా, నోట మాట రాలేదు. పేపర్‌లో ఇలా రాస్తే ఫుల్ మార్కులు వేస్తారు. ప్రతి స్టెప్పూ కరెక్ట్.

మేడమ్ గుర్తొచ్చారు. "ఆడు ఇలా ఎంతమందికి మెసేజ్ పెట్టాడు?" అని అడిగాను.

"నాకు పెట్టాడు."

"నీకొక్కడికేనా?"

ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచాను. వాడు మొదటిరోజు 3,200 మందికి మెసేజ్ పెట్టాడనుకో. 1,600 మందికి ఒక టీమ్ గెలుస్తుందని, 1,600 మందికి రెండో టీమ్ గెలుస్తుందని. ఎవరు గెలిచినా 1,600 మంది దగ్గర వాడి మాట కరెక్టే. తప్పు చెప్పినవాళ్లని వదిలేస్తాడు. రెండోరోజు ఈ 1,600 మందిని మళ్లీ రెండు ముక్కలు చేస్తాడు. 800. తర్వాత 400. 200. 100. ఐదోరోజు రాత్రికి 100 మంది ఫోన్లలో వాడు దేవుడు. ఒక్కొక్కడూ 10,000 కడితే పది లక్షలు. క్రికెట్ గురించి ముక్క తెలియక్కర్లేదు.

నీ 3 శాతం కరెక్టే మామా. కానీ 3,200 మందిలో 3 శాతం అంటే సుమారు 100 మంది. ఆ 100 మందిలో నువ్వొకడివి. మిగతా 3,100 మంది నీకు కనపడట్లేదు, అంతే.

వాడికి అర్థమైంది. నమ్మకం మాత్రం కుదరలేదు. ఐదురోజులు కళ్లతో చూసినదాన్ని ఒక గుణకారం కొట్టేస్తుందా? అందుకని కారిడార్‌లోకి వెళ్లి, ఆ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లని పిలిచాం. చదువుకునేవాడు, బట్టలుతికేవాడు, రీల్స్ చూసేవాడు, అందర్నీ. సరిగ్గా 32 మందిని పోగుచేశాం. తలా ఒక రూపాయి బిళ్ల. బొమ్మ పడితే ఉండాలి, బొరుసు పడితే పక్కకెళ్లాలి.

మొదటిసారి 17 మంది మిగిలారు. రెండోసారి 9. తర్వాత 4. తర్వాత 2. ఐదోసారికి ఒక్కడు మిగిలాడు. మెకానికల్ కుర్రాడు. చేతిలో బిళ్ల పట్టుకుని కప్పు గెలిచినవాడిలా నిలబడ్డాడు.

"వీడు వరసగా ఐదు బొమ్మలు వేశాడు. నీ ఫీజు డబ్బులు వీడి ఆరో బొమ్మ మీద పెడతావా?" అని మావాణ్ని అడిగాను.

అందరూ అరుస్తుంటే మెకానికల్ వాడు ఆరోసారి ఎగరేశాడు. మళ్లీ బొమ్మే. కారిడార్ దద్దరిల్లిపోయింది. మావాడు నావైపు "చూశావా" అన్నట్టు చూశాడు. "ఇంకోసారి వెయ్యరా" అన్నాను. ఏడోసారి బొరుసు.

మావాడు నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నాకు ఊపిరాడింది. మర్నాడు పొద్దున్న ఆఫీసు తెరవగానే ఫీజు కట్టేసి, రసీదు ఫొటో వాళ్ల నాన్నకి పంపాడు. పోయిన 7,000 పోయినట్టే. ఆ నంబర్ బ్లాక్ చేసేముందు మాత్రం ఒక మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఎంతమందిలో?" రిప్లై రాలేదు. మెకానికల్ కుర్రాణ్ని ఇప్పటికీ హాస్టల్లో "గురూజీ" అనే పిలుస్తారు.

హోర్డింగ్ మీద లేని ఫొటోలు

మూడోసారి మా చెల్లి విషయంలో. ఈఏపీసెట్ రాసింది, ర్యాంకు పర్లేదు. వెబ్ ఆప్షన్స్ పెట్టే రోజులు. హనుమాన్ జంక్షన్ దగ్గర్నుంచి విజయవాడ దాకా రోడ్డు పొడుగునా కాలేజీల హోర్డింగులే. హైయెస్ట్ ప్యాకేజ్ ఇన్ని లక్షలు, యావరేజ్ ప్యాకేజ్ ఇన్ని లక్షలు. కింద టై కట్టుకున్న పిల్లల ఫొటోలు.

నాన్నకి ఆ యావరేజ్ అన్న మాట మీద గురి. "ఎంత లేదన్నా సగటున ఏడు లక్షలు వస్తుందంటగా" అన్నాడు. నేను చెల్లిని కూర్చోబెట్టి చిన్న లెక్క వేయించాను. పదిమందికి ఉద్యోగాలు వచ్చాయనుకో. తొమ్మిదిమందికి తలా మూడున్నర లక్షలు. ఒక్కడికి 40 లక్షలు. సగటు ఎంత? 31.5 కూడిక 40, భాగారం 10. అంటే 7 లక్షల 15 వేలు. హోర్డింగ్ మీద వేసుకోవచ్చు, అబద్ధం కాదు. కానీ ఆ పదిమందిలో ఏడు లక్షలు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అదే జీతాల్ని వరసలో పేర్చి మధ్యలో నిలబడ్డవాణ్ని అడిగితే మూడున్నర అంటాడు. పుస్తకంలో మీడియన్ అని రెండు మార్కులకి చదువుతామే, అదే ఇది.

ఇంకా పెద్ద సంగతి ఏంటంటే, ఆ పదిమందీ ఉద్యోగం వచ్చినవాళ్లు. రానివాళ్లు ఎంతమంది? వాళ్లు సగటులోనూ లేరు, ఫొటోలోనూ లేరు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఇలాంటి చిక్కే వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాల మీద తూటాల రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూశారు. రంధ్రాలు ఎక్కువ ఉన్నచోట రేకు మందం పెంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. కొలంబియా యూనివర్సిటీలో సైన్యం కోసం లెక్కలు చూస్తున్న అబ్రహాం వాల్డ్ ఇంకోలా ఆలోచించారు. మనం చూస్తున్నవి తిరిగొచ్చిన విమానాలే. అంటే అక్కడ తగిలినా విమానం ఎగరగలుగుతోంది. రంధ్రాలు కనపడని చోట, ముఖ్యంగా ఇంజిన్ దగ్గర, తగిలినవి తిరిగే రాలేదు. గట్టి చేయాల్సింది అక్కడ. ఈ వాల్డ్ కథకి మన దేశంతో ఒక విషాదమైన ముడి ఉంది. 1950లో ఉపన్యాసాలు ఇవ్వడానికి ఇండియా వచ్చినప్పుడు నీలగిరి కొండల్లో విమానం కూలి ఆయనా, భార్యా చనిపోయారు.

హోర్డింగ్ మీద ఉన్న పిల్లలు తిరిగొచ్చిన విమానాలు. సీటు ఎంచుకునేటప్పుడు తెలుసుకోవాల్సింది తిరిగి రానివాటి గురించి.

తెలుసుకునే దారి కూడా ఉంది. చాలామంది పిల్లలకి ఇది తెలియదు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం దరఖాస్తు చేసే కాలేజీలు కొన్ని అంకెలు ఇవ్వాలి. చదువు గడువులోగా పూర్తిచేసినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది, పై చదువులకి వెళ్లినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చినవాళ్ల మీడియన్ జీతం ఎంత. కాలేజీ వెబ్‌సైట్‌లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని వెతికితే ఆ పీడీఎఫ్ దొరుకుతుంది. హోర్డింగ్‌నీ, దాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

దరఖాస్తు చేయని కాలేజీలకి చెల్లే ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేసి నాన్న పక్కన కూర్చుంది. నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాసుకుంది. పోయినేడు సీఎస్ఈ ఎంతమంది పూర్తిచేశారు? వాళ్లలో ఎంతమందికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది? మధ్యలో ఉన్నవాళ్ల జీతం ఎంత?

మొదటి కాలేజీ వాళ్లు, "మాది హైయెస్ట్ 44 లక్షలండీ" అన్నారు. ఎంతమందికి అని అడిగితే మళ్లీ అదే చెప్పారు. రెండో కాలేజీ వాళ్లు క్యాంపస్ చూడ్డానికి రమ్మన్నారు, బస్సు కూడా పంపిస్తామన్నారు. అంకె మాత్రం చెప్పలేదు. మూడో కాలేజీలో ఫోన్ ఎత్తినాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, ఇలా ఇంతవరకు ఎవరూ అడగలేదు. ప్లేస్‌మెంట్ సెల్‌లో కనుక్కుని చెప్తాను" అన్నాడు.

ఇక ఫోన్ రాదనే అనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. 240 మందిలో 96 మందికి. మధ్యలో ఉన్నవాళ్ల జీతం మూడు లక్షల అరవై వేలు.

హోర్డింగ్ మీద వేసుకునేంత అందమైన అంకె కాదది. నాన్న మొహం కొంచెం చిన్నబోయింది. చెల్లి మాత్రం ఆ కాలేజీని లిస్టులో కింద నుంచి పైకి జరిపి రెండో ఆప్షన్‌గా పెట్టింది.

"తక్కువేగా వచ్చింది, పైకెందుకమ్మా?" అని నాన్న అడిగాడు.

"వాళ్లదే నాకు తెలుసు నాన్నా. మిగతావాళ్లది ఎంతో ఇంకా తెలీదుగా" అంది.